కరిచిన చోటు నుంచి మెదడు దాకా

కుక్క కరిచిందని తెలియగానే మన ఊళ్లలో మొదట వినిపించే ప్రశ్న "ఎవరి కుక్క?" అనంతపురం పల్లెల్లో అయినా, ఆదోని వీధుల్లో అయినా, కడప శివారు కాలనీల్లో అయినా ఇదే మాట. ఇంటి కుక్కే అని తేలితే సగం టెన్షన్ తగ్గిపోతుంది. పక్కింటి వాళ్లదైతే కాసేపు గొడవ. వీధి కుక్క అయితే నలుగురు కట్టెలు పట్టుకుని దాని వెంట పడతారు. ఈ హడావుడిలో కాటు తిన్న మనిషి కాలి మీద రక్తం ఆరిపోతుంది. సబ్బుతో గాయం కడగాల్సిన మొదటి పావుగంట అక్కడే గడిచిపోతుంది.

మనిషికి సోకే జబ్బుల్లో రేబిస్ అంత ప్రాణాంతకమైనది మరొకటి లేదనే చెప్పాలి. లక్షణాలు మొదలయ్యాక బతికి బయటపడ్డవాళ్లు ప్రపంచం మొత్తం మీద అతి కొద్దిమంది. కానీ లక్షణాలు మొదలవకముందే సరైన వైద్యం అందితే దాదాపు అందరూ బతుకుతారు. కాటుకూ లక్షణాలకూ మధ్య మామూలుగా రెండు మూడు నెలలు ఉంటుంది. కొందరిలో వారమే కావచ్చు, కొందరిలో ఏడాది కూడా పట్టవచ్చు. ఇంత గడువు ఇచ్చే ప్రాణాంతక జబ్బు ఇంకొకటి దొరకడం కష్టం. ఆ గడువు ఎక్కడ, ఎలా వృథా అవుతోందన్నదే మన జిల్లాల్లో అసలు ప్రశ్న.

ఈ జబ్బు చరిత్ర చాలా పాతది. దాదాపు 4 వేల ఏళ్ల కిందటి మెసొపొటేమియాలో (నేటి ఇరాక్ ప్రాంతం), ఎష్నున్నా నగర చట్టాల్లో, పిచ్చికుక్క గురించి ఒక నిబంధన కనిపిస్తుంది. కుక్కకు పిచ్చి పట్టిందని చెప్పినా యజమాని దాన్ని అదుపులో పెట్టకపోతే, అది కరిచి మనిషి చనిపోతే, ఆ యజమాని 40 షెకెళ్ల (షెకెల్ ఆనాటి తూకం) వెండి జరిమానా కట్టాలి. మన సుశ్రుత సంహితలో విషాల గురించి చెప్పే కల్పస్థానంలో పిచ్చిపట్టిన కుక్కలు, నక్కల కాటు గురించి వివరంగా ఉంది. కాటు తిన్నవాడు నీటిని చూసినా, తాకినా ఉలిక్కిపడితే ఆ స్థితిని జలత్రాసం అన్నారు, దాన్ని మరణ చిహ్నంగా చెప్పారు. సూక్ష్మదర్శిని లేని కాలంలో రోగిని చూసి మాత్రమే రాసిన ఆ మాట ఈనాటికీ తప్పు కాలేదు.

వైరస్ పుట్టుక ఇంకా వెనక్కి వెళ్తుంది. రేబిస్ వైరస్‌కు దగ్గరి చుట్టాలైన లిస్సావైరస్‌లు ఎక్కువగా గబ్బిలాల్లోనే దొరుకుతున్నాయి. అందుకే దీని పూర్వీకులు గబ్బిలాల్లో మొదలై, తర్వాత నేల మీద తిరిగే మాంసాహార జంతువులకు పాకాయని ఎక్కువమంది శాస్త్రజ్ఞులు భావిస్తారు. ఎక్కడ పుట్టినా అది మనిషి దాకా వచ్చింది మాత్రం కుక్క వెంటే. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కకాటు వల్లనే.

పిచ్చికుక్క చొంగలోనే జబ్బు ఉందని 1804లో జర్మనీకి చెందిన జింకె ప్రయోగం చేసి చూపించాడు. ఆ తర్వాత 81 ఏళ్లకు, 1885 జులై 6న, పారిస్‌లో లూయీ పాశ్చర్ దగ్గరికి జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాణ్ని తీసుకొచ్చారు. రెండు రోజుల ముందు కుక్క అతన్ని చాలాచోట్ల కరిచింది. రేబిస్ సోకిన కుందేలు వెన్నుపామును ఎండబెట్టి బలహీనపరచిన మందును ఆ పిల్లవాడికి వరుసగా ఎక్కించారు. అతను బతికాడు. జబ్బు సోకే అవకాశం ఏర్పడిన తర్వాత టీకా వేసి కాపాడడం మామూలుగా కుదిరే పని కాదు. వైరస్ నెమ్మదిగా నడుస్తుంది కాబట్టే ఇక్కడ కుదిరింది.

మన దేశంలో ఈ మందు మొదట 1900లో హిమాచల్ కొండల్లోని కసౌలీకి వచ్చింది. దక్షిణాదిలో కుక్క కరిస్తే అంత దూరం ప్రయాణం చేయాల్సిన రోజులవి. 1907లో నీలగిరుల్లోని కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ మొదలయ్యాక ఆ దూరం కొంత తగ్గింది. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ ఇంకో టీకా తయారుచేశాడు. గొర్రె మెదడులో వైరస్‌ను పెంచి, ఫినాల్ అనే రసాయనంతో దాన్ని చంపి చేసే మందు అది. పొట్ట మీద రోజుకొకటి చొప్పున 14 దాకా సూదులు. నొప్పి సంగతి అలా ఉంచితే, అందులోని మెదడు కణజాలం వల్ల కొందరికి కాళ్లూ చేతులూ పడిపోయేవి. ఇంత కష్టమైన మందు కూడా దాదాపు ఒక శతాబ్దం పాటు నిలిచింది. 2005 నాటికి మన దేశంలో దాని వాడకం పూర్తిగా ఆగిపోయింది.

ఆ సూదులు పోయినా వాటి భయం పోలేదు. "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేస్తారు" అన్న మాట ఇప్పటికీ రచ్చకట్టల మీద వినిపిస్తుంది. పిల్లలు ఆ మాట విని కాటును దాచిపెడతారు. రేబిస్‌తో చనిపోయేవాళ్లలో 40 శాతం మంది 15 ఏళ్ల లోపు పిల్లలే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొట్టి పిల్లలకు కాటు ముఖం మీద, మెడ మీద పడుతుంది, అక్కడి నుంచి మెదడు దగ్గర. దానికి తోడు సూది భయంతో దాచేయడం. ఇప్పుడు వేసేది మెదడు కణజాలం లేకుండా, ప్రయోగశాలలో పెంచిన కణాల్లో తయారుచేసిన శుభ్రమైన టీకా. భుజం మీద నాలుగైదు విడతలు, అంతే. ఈ ఒక్క విషయం ప్రతి స్కూల్లో ప్రతి పిల్లకూ తెలియాలి.

వైరస్ నడిచే దారి ఇలా ఉంటుంది. కాటుతో చొంగ కండలోకి దిగుతుంది. తుపాకి గుండు ఆకారంలో ఉండే ఈ వైరస్‌లో ఉన్నవి ఐదే జన్యువులు. కండలో అది కొన్నాళ్లు, ఒక్కోసారి కొన్ని వారాలు నిలిచి ఉంటుంది. కండా నరమూ కలిసేచోట నరం కొసలోకి దూరుతుంది. అక్కడి నుంచి నరం లోపలి రవాణా దారినే వాడుకుని వెన్నుపాము వైపు ఎక్కుతుంది. రోజుకు కొన్ని సెంటీమీటర్లకు మించని నడక అది. రక్తంలో తిరగదు కాబట్టి రోగనిరోధక వ్యవస్థ కంట పడదు. ఈ దశలో రేబిస్ ఉందో లేదో చెప్పే రక్తపరీక్ష ఏదీ లేదు. "టెస్టు చేయించుకుని చూద్దాం, ఉంటే సూది వేయించుకుందాం" అనుకునేవాళ్లు ఈ విషయం తప్పకుండా తెలుసుకోవాలి. పరీక్షలో తేలే నాటికి చేయగలిగింది ఏమీ మిగలదు.

మెదడు చేరాక నడక వేగం పుంజుకుంటుంది. అక్కడ పెరిగి, మళ్లీ నరాల దారినే బయటికి వచ్చి లాలాజల గ్రంథుల్లో చేరుతుంది. కుక్కలో అయితే జబ్బు బయటపడడానికి కొన్ని రోజుల ముందు నుంచే చొంగలో వైరస్ ఉంటుంది. అంటే కరిచిన రోజున చూడడానికి బాగానే ఉన్న కుక్క కూడా జబ్బును అంటించగలదు. నాలుక వేలాడేసి, చొంగ కారుస్తూ, కనపడినవాణ్నల్లా కరిచే కుక్కనే పిచ్చికుక్క అనుకోవడం పొరపాటు. మూలన ముడుచుకుని, దవడ జారిపోయి, తిండి మానేసిన కుక్కకూ అదే జబ్బు కావచ్చు.

మనిషిలో మొదట కనిపించేది మామూలు జ్వరం, తలనొప్పి. ఎప్పుడో మానిపోయిన గాయం దగ్గర జిల, తిమ్మిరి, మంట. ఆ తర్వాత నిద్ర పట్టదు, కంగారు ఎక్కువవుతుంది. గ్లాసు నోటి దగ్గర పెట్టుకోగానే గొంతు కండరాలు పట్టేస్తాయి. దాహం ఉంటుంది, నీళ్లు ఎదురుగా ఉంటాయి, తాగలేరు. ఫ్యాను గాలి తగిలినా అదే బాధ. మధ్యమధ్యలో పూర్తి తెలివిలోకి వచ్చి ఇంటివాళ్లతో మాట్లాడతారు. దగ్గరుండి చూసినవాళ్లు దీన్ని జీవితాంతం మరచిపోలేరు. చుక్క నీటికి వెంపర్లాడే సీమలో నీటిని చూసి బెదిరే చావు కంటే ఘోరమైనది ఏముంటుంది. అయిదుగురిలో ఒకరికి ఇలాంటి ఆవేశం లేకుండా, కాళ్ల నుంచి మొదలై పక్షవాతంలా వస్తుంది. దాన్ని వేరే నరాల జబ్బు అనుకునే ప్రమాదం ఎక్కువ. ఏ రూపంలో వచ్చినా, లక్షణాలు మొదలైన వారం రెండు వారాల్లో చాలామంది చనిపోతారు.

మెదడులో చేరిన వైరస్ మీదికి మందు పంపడం కష్టం. రక్తంలోని చాలా పదార్థాలను మెదడులోకి రానివ్వని అడ్డుగోడ ఒకటి సహజంగానే ఉంటుంది. అప్పటికి శరీరం వైరస్‌తో పోరాడే ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) తయారుచేసి ఉండదు. 2004లో అమెరికాలో ఒక అమ్మాయిని కృత్రిమంగా కోమాలో ఉంచి బతికించారు. అదే పద్ధతిని ఆ తర్వాత చాలామంది మీద ప్రయత్నించారు, అది నమ్మదగిన వైద్యంగా నిలబడలేదు.

మరి ఇంత భయంకరమైన జబ్బుకు ఆకు పసరుతో, తాయెత్తుతో నయమైందని అంతమంది ఎలా చెబుతారు? ఈ ప్రశ్నను కొట్టిపారేయడం కంటే దానికి జవాబు చెప్పడం అవసరం. కరిచే కుక్కల్లో ఎక్కువ వాటికి రేబిస్ ఉండదు. ఉన్న కుక్క కరిచినా ప్రతి కాటుకూ జబ్బు రాదు. చొంగ ఎంత పడింది, గాయం ఎంత లోతు, ఎక్కడ, మధ్యలో ప్యాంటో పంచో అడ్డం ఉందా అన్నవాటి మీద అది ఆధారపడుతుంది. అంటే నాటుమందు ఇచ్చే పెద్దమనిషి దగ్గరికి వందమంది వెళితే, ఏ మందూ ఇవ్వకపోయినా అందులో చాలా ఎక్కువమంది బతికే ఉండేవాళ్లు. ఆ బతికినవాళ్లందరూ ఆయన మందు గొప్పదని ఊరంతా చెబుతారు. చనిపోయినవాళ్లు మూడు నెలల తర్వాత, ఎక్కడో పెద్దాసుపత్రిలో, ఇంకేదో జబ్బు పేరుతో చనిపోతారు. ఆ చావును ఆ కాటుతో కలిపి చూసేవాళ్లు ఉండరు. ఇందులో ఎవరి మోసమూ ఉండాల్సిన పని లేదు, లెక్కే అలా ఉంది. కానీ ఆ లెక్కలో పోయేది ఒక నిండు ప్రాణం.

గాయానికి కారం, సున్నం, పసుపు, ఆముదం పెట్టడం ఇంకో అలవాటు. కారం పొడి మండితే విషం చచ్చిందని నమ్మకం. నిజానికి అలా రుద్దడం వల్ల కండ నలిగి, వైరస్ నరం కొసల దగ్గరికి మరింత తేలిగ్గా చేరే ప్రమాదం ఉంది. దానికి బదులు సబ్బు. రేబిస్ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, సబ్బు ఆ పొరను విరిచేస్తుంది. పారే నీటి కింద, బట్టల సబ్బు అయినా సరే, 15 నిమిషాలు కడగాలి. శెనక్కాయ చేలో ఉన్నప్పుడు కరిస్తే బోరు పైపు కింద కాలు పెట్టి ఆ పని చేయవచ్చు. తర్వాత అయొడిన్ లాంటి మందు పూయాలి. కట్టు కట్టకూడదు, వీలైనంత వరకు కుట్లు వేయకూడదు. ఖర్చు లేని ఈ పావుగంట పనికి ఉన్నంత విలువ ఈ జబ్బులో మరి దేనికీ లేదని అనిపిస్తుంది.

"కుక్క కాటుకు చెప్పు దెబ్బ" అన్న సామెతను మన ఊళ్లు కొంచెం ఎక్కువగానే పాటిస్తాయి. కరిచిన కుక్కను సాయంత్రంలోగా కొట్టి చంపి, ఊరి బయట పడేస్తారు. కోపం అర్థం చేసుకోదగ్గదే, కానీ దానితో ఒక మంచి ఆధారం పోతుంది. కరిచిన కుక్క పది రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాడు దాని చొంగలో వైరస్ లేనట్టే. అప్పుడు మిగిలిన సూదులు ఆపవచ్చో లేదో డాక్టరు చెబుతారు. చనిపోతే, మాయమైపోతే, పూర్తి కోర్సు తప్పదు. అందుకని కుక్కను దూరం నుంచి కనిపెట్టి ఉండాలి. అయితే పది రోజులు చూసి ఆ తర్వాత సూది వేయించుకుందాం అనుకోకూడదు. టీకా మొదటి రోజే మొదలవ్వాలి, కుక్కను గమనించడం దానితో పాటు సాగాలి. ఇంటి కుక్కకు టీకా వేయించి ఉన్నా సరే.

కరువు సీమలో జీవాలే చాలా కుటుంబాలకు బతుకుదెరువు. గొర్రెల మంద వెంట కాపరి, అతని వెంట ఒకటో రెండో కుక్కలు. రాత్రి పూట మంద చుట్టూ తిరిగేవి ఆ కుక్కలే. అడవి అంచుల్లో నక్కతోనో వీధి కుక్కలతోనో మొదట పోట్లాడేవీ అవే. వాటికి టీకా వేయించడం కాపరి ప్రాణానికి వేయించడమే. అలాగే పశువుల దగ్గర జరిగే ఒక పొరపాటు గురించి తప్పక చెప్పాలి. ఆవో ఎనుమో మేత మానేసి, నోటి నుంచి చొంగ కారుస్తూ, గొంతులో ఏదో అడ్డుపడినట్టు అరుస్తుంటే, ఇంటాయన చెయ్యి లోపలికి పెట్టి తీయబోతాడు. అది రేబిస్ వచ్చిన పశువు కావచ్చు. చేతి మీద పని గీతలు ఎలాగూ ఉంటాయి, పళ్లు కూడా గీసుకుంటాయి. ఎవర్నీ ఏదీ కరవకుండానే జబ్బు అంటుకునే దారి ఇది. అలాంటప్పుడు చెయ్యి పెట్టకుండా పశువుల డాక్టరును పిలవాలి. ఆ ఎనుము పాలు తాగామని ఊరంతా ఆసుపత్రికి పరుగెత్తడం కూడా అప్పుడప్పుడూ జరుగుతుంది. కాచిన పాలు తాగినవాళ్లకు భయం లేదు. జబ్బుపడిన పశువు పాలు మాత్రం ఇక వాడకూడదు.

ఆసుపత్రిలో ఏం జరగాలో కూడా జనానికి తెలిసి ఉండాలి. తెలిస్తేనే అడగగలరు. కుక్కకు తిండి పెట్టినా, గాయం లేని చర్మం మీద నాకినా ఏ మందూ అక్కర్లేదు. రక్తం రాని చిన్న గీతకు టీకా కావాలి. రక్తం వచ్చిన కాటుకు, చీలిన చర్మం మీద నాకినా, కంట్లో నోట్లో చొంగ పడినా, టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. టీకా వేశాక ఒంట్లో ప్రతిరక్షకాలు తయారవ్వడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ లోటును పూడ్చేది ఇమ్యునోగ్లోబులిన్, అంటే ముందే తయారై ఉన్న ప్రతిరక్షకాలు. దాన్ని గాయంలోకే, గాయం చుట్టూ ఎక్కించాలి. మొదటి రోజు వేయలేకపోతే, టీకా మొదలైన ఏడో రోజు దాకా వేయవచ్చు. లోతైన కాటుకు టీకా మాత్రమే వేయించుకుని, ఇది లేకుండా ఇంటికి వచ్చేయడం పెద్ద పొరపాటు. పల్లెలో దొరక్కపోతే కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రుల దాకా వెళ్లడం తప్పదు. గర్భిణులకు, పసిపిల్లలకు, ఎవరికైనా ఈ టీకా వేయవచ్చు. మాంసం మానేయాలి, పథ్యం ఉండాలి అన్న నియమాలేవీ లేవు.

ఇదంతా కాటు పడిన తర్వాతి సంగతి. జబ్బు మూలం కుక్కలోనే ఉంది కాబట్టి అక్కడే ఆపితే మనిషి దాకా రాదు. జపాన్ 1957లో దీన్ని తుడిచేసింది. మన అండమాన్, లక్షద్వీప్‌లలో రేబిస్ లేదు. ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకు టీకా వేస్తే వైరస్‌కు తర్వాతి కుక్క దొరక్క గొలుసు తెగిపోతుంది. పిచ్చిపట్టిన ఒక కుక్క సగటున రెండుకు మించి తోటి కుక్కలకు అంటించదు కాబట్టే అంత మాత్రం సరిపోతుంది. కాకపోతే కుక్కల ఆయుష్షు తక్కువ, పిల్లలు త్వరగా పుట్టుకొస్తాయి. ఏటేటా వేయకపోతే ఆ శాతం నిలవదు. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను లేకుండా చేయాలని కేంద్రం 2021లో ప్రణాళిక ప్రకటించింది. మాంసం దుకాణాల వ్యర్థాలు రోడ్డు పక్కన పారేసినంత కాలం కుక్కల సంఖ్య తగ్గదు. రాబందులు పోవడం కూడా ఇందులో ఒక కారణం. పశువులకు వేసే డైక్లోఫెనాక్ మందు వల్ల 1990ల నుంచి వాటిలో కొన్ని జాతులు 95 శాతానికి పైగా అంతరించాయి. వాటి వంతు కళేబరాలు కుక్కల పాలయ్యాయి. 2006లో పశువులకు ఆ మందును నిషేధించే నాటికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

రేబిస్‌తో ప్రపంచంలో ఏటా 59 వేల మంది చనిపోతున్నారని, అందులో మూడో వంతుకు పైగా భారత్‌లోనే అని చాలాకాలం అంచనా వేశారు. ఈమధ్య భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేసిన సర్వే మన దేశంలో ఏటా 5,700కు పైగా మరణాలు, 90 లక్షలకు పైగా జంతువుల కాట్లు ఉన్నాయని లెక్కగట్టింది. ఆ తక్కువ అంకెనే తీసుకున్నా, సబ్బుతో, టీకాతో ఆగిపోవాల్సిన చావులు రోజుకు పదిహేను.

ఇక మన దగ్గర ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది వలస. కోసిగి, కౌతాళం, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి, అంటే పని కోసం వలసగా, గుంటూరు మిరప కోతలకు వెళ్తాయి. అనంతపురం పల్లెల నుంచి బెంగళూరు కూలి పనులకు వెళ్తారు. మొదటి సూది వేసిన రోజును 0 అనుకుంటే, చర్మంలో వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో, కండకు వేసేదైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో పడాలి. మొదటి మూడు విడతలు ఊళ్లో వేయించుకుని, లారీ ఎక్కి, 28వ రోజు నాటికి మిరప చేను పక్కన గుడిసెలో ఉంటారు. అక్కడ ఎవర్ని అడగాలో తెలియదు. గాయం మానిపోయి ఉంటుంది, కూలి పోగొట్టుకోవడం ఎందుకని ఊరుకుంటారు. ఊరు కదిలే ముందు ఆశా కార్యకర్త ఆ ఇంటికి వెళ్లి చెప్పాల్సింది కొంచెమే. ఆసుపత్రిలో ఇచ్చిన చీటీని సంచిలో బియ్యంతో పాటు పెట్టుకోవాలి. టీకా ఉన్న ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించినా మిగిలిన సూది వేస్తారు. రోజు దాటిపోయినా మళ్లీ మొదటి నుంచి వేయించుకోనక్కర్లేదు, ఆగిన చోటు నుంచే కొనసాగిస్తారు.